లవాన్ హార్గెట్ గాలపు కర్ర కొన్న వైనం

శాండ్ మౌంటెన్ మీద చేపలు పట్టేవాళ్ళలో రెండు రకాలున్నారు. చేప కరిచాక తెలుసుకునేవాళ్ళు ఒకరకం, కరవబోతుండగానే తెలుసుకునేవాళ్ళు ఇంకోరకం. లవాన్ హార్గెట్ ఈ రెండో రకమని కొండ మీదే కాదు, కొండ కింద గంటర్స్‌విల్ సరస్సు చుట్టుపక్కల రేవులన్నిటా పేరు. రబ్బరు వానపాముని నాచుగడ్డి అంచున అడుగుకంటా దించి, కర్ర పట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవాడు. దానికి తగిలింది గడ్డో, రాయో, బాస్ చేప మూతో అతని వేళ్ళు చెప్పేసేవి. బాస్ చేప రబ్బరుని ఒక్క ఉదుటున మింగదు. టక్ మని నోట్లోకి పీల్చి రుచి చూస్తుంది, నచ్చకపోతే రెప్పపాటులో ఊసేస్తుంది. ఆ టక్ తెలిసినవాడికే చేప. తెలియనివాడు సాయంత్రం దాకా రబ్బరుకి స్నానం చేయించి ఇంటికి పోవచ్చు.

ఇప్పుడు లవాన్‌కి అరవై నాలుగు. వయసులో ఉన్నప్పటి నుంచీ మోటారు రంపం పట్టి పైన్ చెట్లు కొట్టాడు. రంపం చేసిన అదురంతా వేళ్ళలోకే పోయింది. మొదట చలికాలం పొద్దున్నే వేళ్ళు తెల్లబడేవి, జేబులో పెట్టుకుంటే తిరిగి ఎర్రబడేవి. తర్వాత జేబులో పెట్టుకున్నా మొద్దుబారే ఉండేవి. ఊళ్ళో డాక్టరు వేళ్ళ చివర సూది గుచ్చి "తెలుస్తోందా?" అని అడిగితే, "ఇంకా గుచ్చలేదు కదా" అన్నాడు లవాన్. అప్పటికి నాలుగు వేళ్ళూ గుచ్చడం అయిపోయింది. నరాలు చచ్చాయి, తిరిగి రావు, ఉన్నవాటిని కాపాడుకో అని డాక్టరు పంపేశాడు. ఇంటికొచ్చి భార్య నెల్డాతో మాత్రం, "బీపీ బానే ఉందంట" అని చెప్పి ఊరుకున్నాడు.

ఏడాదిన్నరగా ఈ గుట్టు కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడు. పడవలో కూర్చుంటాడు, కర్ర పట్టుకుంటాడు, చేతిలో కర్ర ఉందని కంటికి తెలుస్తుంది గానీ వేలికి తెలియదు. టక్ లేదు. అది లేకపోయాక ఇంక నీళ్ళ మీదకి పోయి చేసేదేముంది? చలి ముదిరేలోపు మళ్ళీ ఒక్క చేప తట్టడం తెలియకపోతే పడవ అమ్మేయాలని లోలోపల నిశ్చయించుకున్నాడు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా అన్నం సహించేది కాదు. నెల్డా మొక్కజొన్న రొట్టె విరిచి పళ్ళెంలో పెడితే మజ్జిగలో నలుపుతూ కూర్చునేవాడు.

గుట్టు దాచుకున్నవాడు నేరం ఎవరో ఒకరి మీద నెట్టాలి కదా! మొదట దారం మీద నెట్టాడు, దారం మార్చాడు. తర్వాత గాలాలు మార్చాడు. వసంతకాలంలో, చేపలు తప్పిపోతున్న ప్రతి మగవాడూ ఈ కొండ మీద చేసే తప్పే తనూ చేశాడు. ఉన్నదానికంటే గట్టి, వంగని కర్ర కొన్నాడు. చేప జారిపోతోందంటే గాలం దిగడం లేదనీ, గాలం దిగడం లేదంటే కర్రలో చావ లేదనీ ఇక్కడివాళ్ళ సిద్ధాంతం. తట్టడమే తెలియనివాడికి కర్రలో ఎంత చావ ఉంటే ఏం లాభం? ఆ కొత్త కర్రతో దొడ్డి గేటు ఎత్తొచ్చు గానీ చేప ఊపిరి పసిగట్టడం ఎవరి వల్లా కాదు.

గురువారం సాయంత్రాలు రేవులో జోడీల పందెం జరుగుతుంది. అందరూ తలా కాస్త కాఫీ డబ్బాలో వేస్తారు, పొద్దు గూకేలోపు ఎవరి చేపలు ఎక్కువ తూగితే డబ్బా వాళ్ళది. లవాన్ జోడీ ఎప్పుడూ నెల్డా తమ్ముడు గార్లండే. కోళ్ళ షెడ్లకి దాణా లారీ తోలుతాడు, రోజంతా ఒంటరిగా తోలీ తోలీ ఆ మాటలన్నీ పడవలో వదిలించుకుంటాడు. మనిషి మంచివాడే. నోటికి గడియ లేదు, అంతే.

ఆగస్టులో ఒక గురువారం నాడు గార్లండ్ ఉన్నట్టుండి అరిచాడు. "ఏంది బావా, చర్చిలో కునికినట్టు కూర్చున్నావు? నీ దారం పక్కకి పోతంది చూడు!"

లవాన్ ఉలిక్కిపడి కర్ర లాగాడు. రబ్బరు ఖాళీగా తిరిగొచ్చింది.

"కర్ర బాలేదురా" అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట. మొన్న దారం అన్నావు, నిన్న గాలం అన్నావు, ఇయ్యాల కర్రంటన్నావు. రేపు నీళ్ళు బాలేవంటావు."

"నీళ్ళు కూడా అంత బాలేవులే."

"నా మాటిని గిలకలాడే చెక్క చేప కట్టు బావా. ఇసరటం, లాక్కోవటం. చేప దానంతటదే వచ్చి కరుచుకుంటది."

"దానంతటదే కరుచుకుంటే ఇంక నేనెందుకురా పడవలో? బరువుకా?"

"బరువుకైతే బ్రహ్మాండంగా పనికొస్తావు" అని పగలబడి నవ్వాడు గార్లండ్. నవ్వు ఆగాక గొంతు తగ్గించి, "అక్టోబరు పందేలకి మన రేవు డెల్బర్ట్ అడుగుతన్నాడు బావా, నాతో జోడీ కడదామని. నేనేం చెప్పలేదులే" అన్నాడు.

పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. గార్లండ్ మనసులో అంత విషం లేకపోవచ్చు, నోటికొచ్చింది అనేశాడు. కానీ లవాన్‌కి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే లేచి, షెడ్డులో మూలనున్న పెద్ద రంపాన్ని తుడిచి, ఐడర్ ఊరి వైపు ఒక కుర్రవాడికి అమ్మేశాడు. తెచ్చిన డబ్బు వంటింట్లో బల్ల మీద పెట్టాడు. నూటయాభై డాలర్లు. నెల్డా బడి వంటశాలలో పనిచేస్తుంది, మూడువందల మంది పిల్లల మొహాలు చూసి ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చెప్పగలదు. మొగుడి మొహం చూడడం ఆమెకొక లెక్క కాదు.

"రంపం డబ్బులు నీయి. మంచి కర్ర కొనుక్కో. కారే ఇంటి కప్పు సంగతి వచ్చే ఏడు చూద్దాం" అంది. "కానీ ఇది దాటి ఒక్క డాలరు పెట్టావా, ఈ నెలంతా చిక్కుడుగింజల్లో పంది ముక్క పడదు."

"దాటను."

"నేనూ వస్తా."

"నువ్వెందుకు? గార్లండ్ వస్తున్నాడుగా."

"అందుకే వస్తా" అంది నెల్డా.

శనివారం పొద్దున ముగ్గురూ ఆర్బీ ట్రెడవే దుకాణానికి వెళ్ళారు. వంతెన పక్కన రేకుల కొట్టు. లోపల ఒకవైపు ఎరకి అమ్మే మిడతల పెట్టెలు కీచుమంటుంటాయి, ఇంకోవైపు చిన్నచేపల తొట్లు బుడబుడలాడుతుంటాయి, మధ్యలో పెనం మీద బలోనీ మాంసం ముక్కలు వేగుతుంటాయి. వెనక గోడ నిండా గాలపు కర్రలు. ఆర్బీ ఒకప్పుడు లవాన్‌తో కలిసి చెట్లు కొట్టినవాడే. దుంగ దొర్లి మోకాలు విరిగాక ఈ కొట్టు పెట్టుకున్నాడు.

"ఒరే లవాన్, బతికే ఉన్నావా? నీ చేపలు తూకానికి రాక నా తరాజు తుప్పు పట్టింది" అన్నాడు ఆర్బీ. నెల్డాని చూసి గొంతు మార్చాడు. "రా చెల్లెమ్మా. పొయ్యి మీంచి పీచ్ పళ్ళు కూరిన కజ్జికాయలు ఇప్పుడే దించా."

గార్లండ్ అప్పటికే గోడ దగ్గరికి పోయాడు. ఈ దేశంలో మగవాడి చేతికి గాలపు కర్ర వస్తే ముందు గాలిలో రెండుసార్లు ఊపుతాడు, ఒక కన్ను మూసి వంకర ఉందేమో చూస్తాడు, మూతి బిగించి తలాడిస్తాడు. దుకాణంలో గాలికేమన్నా చేపలు పడతాయా! అయినా ఊపాల్సిందే. ఊపకుండా కొన్నవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు. గార్లండ్ నాలుగు ఊపి, ఐదోది తెచ్చి బావ చేతిలో పెట్టాడు.

"కర్రంటే ఇదీ! పోటీల్లో గెలిచినోడి బొమ్మ ఏశారు చూడు."

"ఆ బొమ్మకే సగం ధర" అన్నాడు ఆర్బీ. "ఆ బొమ్మలో ఉన్నోడు దాన్ని ఊరకే పుచ్చుకున్నాడు. నువ్వు నాలుగొందలు పోసి కొనాలి."

"నాలుగొందలా!" అంది నెల్డా, కజ్జికాయ కొరుకుతూ ఆగి.

"పిండి కొద్దీ రొట్టె చెల్లెమ్మా. అసలు నన్నడిగితే డెబ్భై, ఎనభైకి దొరికేదాంట్లో దారం పోయే రింగులు ఊడతాయి, రెండొందలు దాటాక పేరుకి కడతన్నట్టు లెక్క. అసలు సరుకంతా ఈ మధ్యలో ఉంది." ఆర్బీ కుంటుకుంటూ వచ్చి మూడు కర్రలు దించాడు. ఒక్కోదానికి రీలు తగిలించి, వేలి మీద ఆనించి, కొన కిందకి వాలుతుందో లేదో చూపించాడు. "వాలేదాన్ని పట్టుకుంటే సాయంత్రానికి మణికట్టు పోతది. కొస నుంచి చూడు, రింగులన్నీ వరసలో ఉన్నాయా? కొన మెత్తగా వంగాలి, నడుం వంగకూడదు. అంతే శాస్త్రం. మిగతాదంతా రంగూ రాతా."

లవాన్ మూడూ పట్టుకున్నాడు. మూడూ తేలికే, మూడూ బానే ఉన్నాయి. అతనికి కావలసింది వాటిలో ఏదని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

"సరే, గొంతు పెట్టి చూద్దాం" అన్నాడు ఆర్బీ.

ఆ సంగతి లవాన్ మర్చిపోయాడు. ఆర్బీ కొట్లో కర్ర కొనాలంటే ఇదొక తంతు. కొనేవాడు పిడి పట్టుకుని వెనక్కి తిరిగి కళ్ళు మూసుకోవాలి. ఇంకొకరు కర్ర కొన తమ గొంతు మీద ఆనించుకుని, నోరు తెరవకుండా లోలోపల కూనిరాగం తీయాలి. చెవికి వినపడకుండా రేడియో పెంచుతారు. మంచి కర్రైతే గొంతులో అదురు పిడిలోకి వస్తుంది. రాగం మొదలైనప్పుడు కొనేవాడు "ఇప్పుడు" అనాలి. నీళ్ళలో చేప తట్టడం ఎలా తెలుస్తుందో ఈ కొట్లో చూపించడానికి ఇంతకంటే మంచి దారి లేదని ఆర్బీ నమ్మకం. అది నిజం కూడా.

గార్లండ్ ఒక చేత్తో బలోనీ శాండ్‌విచ్ పట్టుకుని, ఇంకో చేత్తో కర్ర కొన గొంతుకి పెట్టుకున్నాడు. ఆర్బీ రేడియో పెంచాడు. లవాన్ వెనక్కి తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

ఏమీ తెలియలేదు. పిడి ఉంది, దాన్ని తన చెయ్యి పట్టుకుని ఉంది, అంతవరకే. ఇంకాసేపు చూశాడు. ఇక ఊరుకుంటే దొరికిపోతానని, "ఆఁ, ఇప్పుడు. బాగా తెలుస్తంది" అన్నాడు.

సరిగ్గా ఆ సమయానికి గార్లండ్ రాగం ఆపి శాండ్‌విచ్ కొరుకుతున్నాడు.

గార్లండ్‌కి నోట్లో ముద్ద తప్ప ఇంకేం పట్టలేదు. ఆర్బీ చూశాడు. చూసి, రేడియో వైపు తిరిగి దాని మీటలేవో సర్దాడు. నెల్డా కూడా చూసింది.

రెండో కర్ర, మూడో కర్ర కూడా అంతే. లవాన్ రెండుసార్లు అబద్ధమాడాడు. ఒకసారి గురి తగిలింది, ఒకసారి తప్పింది. చివరికి బొమ్మ ఉన్న కర్ర తీసుకున్నాడు. అంత ధర పెట్టినదాంట్లో ఏదో ఉండకపోతుందా అని ఆశ. కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, ప్రాణమంతా వేళ్ళలోకి తెచ్చుకున్నాడు. అందులోనూ ఏం లేదు.

"ఇదే ఇవ్వు ఆర్బీ. ఉన్నది ఇప్పుడిస్తా. మిగతాది నెలనెలా కడతా" అన్నాడు. నీళ్ళ మీదైనా పలుకుతుందేమోనని అతని ఆశ.

నెల్డా కజ్జికాయ కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. "గార్లండ్, బండిలో పెట్రోలు పోయించుకు రా."

"నిండుగానే ఉందక్కా."

"అయితే టైర్లలో గాలి కొట్టించుకు రా."

"నిన్ననేగా..."

"గార్లండ్."

తల్లి పోయాక ఆ గొంతే అతన్ని పెంచింది. గార్లండ్ శాండ్‌విచ్‌తో సహా బయటికి నడిచాడు. ఆర్బీ మిడతల పెట్టెల దగ్గరికి పోయి, వాటిని ఎప్పుడూ చూడనట్టు చూస్తూ నిలబడ్డాడు.

"నీకు ఒక్కటి కూడా తెలియలేదు" అంది నెల్డా.

"తెలిసిందే! మధ్యలో కాస్త..."

"లవాన్, నీ చొక్కాలకి గుండీలు తీసి నొక్కుడు గుండీలు ఎందుకు కుట్టించుకున్నావు? షోకా? పోయిన నెల ఇనప పెనం చెయ్యి గుడ్డ లేకుండా పట్టుకున్నావు. వేలు కాలిన వాసన నాకొచ్చిందాకా వదల్లా. నీ వేలు కాలితే నాకు వాసన రావాలా?"

లవాన్ నేల వైపు చూశాడు. దాచానని తను అనుకున్నది ఆమెకి ఎప్పుడో తెలుసు. సిగ్గనిపించింది. సిగ్గు వెనకాలే, ఏడాదిన్నరగా మోస్తున్నది ఎవరో ఒక చెయ్యి వేసి పట్టుకున్నట్టు తేలికనిపించింది.

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశా. నాకా ఓపిక అయిపోయింది." ఆమె అతని చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ నొక్కి చూసింది. అరచెయ్యి చూసింది. మణికట్టు దాటి పైకి పోయింది. "ఇక్కడ తెలుస్తందా?"

"కొద్దిగా."

మోచేతికి కాస్త ఇవతల గోటితో గీరింది.

"అబ్బ! చర్మం ఊడదీస్తావా?"

"అదీ!" అంది నెల్డా. "వేళ్ళు పోయినాయి గానీ చెయ్యి పోలా. జులైలో పాటల రోజున నీ ముందున్న బెంచీ వీపు మీద మోచేతులు ఆనించి కూర్చుని నువ్వేమన్నావు?"

నెల్డా వాళ్ళ చర్చిలో పాటల రోజంటే జనమంతా నాలుగు జట్లుగా నాలుగు దిక్కుల కూర్చుని, నడి మధ్యన నిలబడ్డవాడి చేతి ఊపుకి గొంతులు కలిపి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పాడడం. వాయిద్యం ఉండదు, నేల చెక్కలే అదురుతుంటాయి. నెల్డాది ఆల్టో వరస, ఆడగొంతుల్లో కింది స్థాయి. లవాన్ పాడడు, వెనక బెంచీలో కూర్చుంటాడు.

"మగ గొంతులు ఎత్తుకుంటే చెక్కలో తెలుస్తందని అన్నా" అన్నాడు మెల్లగా.

"చెక్క పట్టుకున్నావా అప్పుడు?"

"లేదు. మోచేతులు ఆనించా."

నెల్డా వెనక్కి తిరిగింది. "అన్నా, మిడతలు లెక్కపెట్టింది చాలు. పిడి మోచేతి దాకా వచ్చే కర్ర ఏదన్నా ఉందా?"

ఆర్బీ గోడ చివర్నుంచి దుమ్ము పట్టినదొకటి తీశాడు. "రెండేళ్ళుగా ఇక్కడే పడుంది. పిడి మరీ పొడుగు, తిప్పేటప్పుడు చొక్కాకి తగులుకుంటదని ఎవడూ కొనటంలా. పిడి చివర బిళ్ళ కూడా గట్టిది, మెత్త లేదు. సరుకు మాత్రం మంచిది. కొన తేలిగ్గా వంగుతది. నూట నలభైకి పెట్టా."

"గోరంత తగ్గించు" అంది నెల్డా.

"ముందు పలకనియ్యి చెల్లెమ్మా."

ఆర్బీ తనే లవాన్ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. రీలు అరచేతిలోకి వచ్చేలా పట్టించి, పిడి చివర గట్టి బిళ్ళని మోచేతి ఇవతల, లోపలి చర్మానికి నొక్కి ఆనించాడు. "ఇట్టా పట్టు. వేళ్ళ సంగతి మర్చిపో. వాటికి పెన్షన్ ఇచ్చేయ్" అన్నాడు.

లవాన్ వెనక్కి తిరిగి కళ్ళు మూసుకున్నాడు. రేడియోలో ఎవడో ట్రాక్టర్లు అమ్ముతున్నాడు. నెల్డా కర్ర కొన తన గొంతుకి ఆనించుకుంది.

ముందు ఏమీ లేదు. ఈ కర్ర కూడా అంతేననుకున్నాడు. పడవకి ఎంతొస్తుందో, ఎవరు కొంటారో కూడా మనసులోకి వచ్చేసింది. అప్పుడు చేతిలోపల, గోడ అవతల తేనెటీగ తిరుగుతున్నట్టు, సన్నగా ఏదో కదిలింది. అది తన నెత్తురు కొట్టుకోవడమేమో అనుకున్నాడు. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి కాస్త కిందకి దిగి, వంపు తిరిగి, నిలబడింది. ముప్పై తొమ్మిదేళ్ళుగా గిన్నెలు కడుగుతూ, బట్టలు ఆరేస్తూ, ఆదివారాలు నాలుగు దిక్కుల నడుమ ఆమె పాడే ఆల్టో అది. చెవికి చుక్క కూడా వినపడలేదు. చేతికి వినపడింది.

లవాన్ ఎడమ చెయ్యి ఎత్తాడు. అదురు ఆగింది, దించాడు. మొదలైంది, ఎత్తాడు. నెల్డా మోసం చెయ్యాలని ఒక్క మూలుగు మూలిగి ఆపేసింది. అది కూడా పట్టేశాడు.

"ఇంకోసారి" అన్నాడు కళ్ళు తెరవకుండా. తెరిస్తే నీళ్ళు కారిపోతాయని భయం.

ఆమె ఇంకోసారి పాడింది. ఇంకోసారి కూడా పాడింది. మిడతలకి ఆకు వేస్తున్నట్టు ఆర్బీ అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

"ఇంతకీ కొంటావా, లేక సాయంత్రం దాకా మా చెల్లెమ్మని పాడిస్తావా?" అన్నాడు.

దుమ్ము పట్టిన సరుకని నూటముప్పైకి ఇచ్చాడు. మిగిలిన ఇరవైలో నెల్డా కజ్జికాయలు కట్టించుకుంది. గార్లండ్ తిరిగొచ్చి కర్ర చూసి మొహం చిట్లించాడు. "ఇదేంది బావా, ముసలోళ్ళ కర్ర!"

"ముసలోడే కొన్నాడులే" అన్నాడు లవాన్.

గురువారానికి ముందు రెండు సాయంత్రాలు ఒక్కడే పడవ వేసుకుని పోయి అలవాటు చేసుకున్నాడు. పాత అలవాటుకి వేళ్ళు ముందుకొచ్చేవి, చెయ్యి వెనకపడేది. గడ్డి తగిలితే చేపనుకుని లాగాడు, రాయి తగిలితే లాగాడు. నలభై ఏళ్ళు వేళ్ళు నేర్చుకున్నది మోచెయ్యి రెండు రోజుల్లో నేర్చుకోమంటే ఎలా? కానీ గడ్డి గీరడం వేరు, రాయి నూరడం వేరు అని తెలియడం మొదలైంది. అదే చాలనిపించింది. ఇంటికొచ్చి రొట్టె ఇంకో ముక్క అడిగి మరీ తిన్నాడు.

గురువారం నాడు గాలి పడిపోయింది, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గార్లండ్ దాణా ధరల గురించీ, పొరుగువాడి కుక్క గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. లవాన్ పిడిని చేతికి ఒత్తుకుని కూర్చున్నాడు. రబ్బరు గడ్డి మీంచి జారి, లోతులోకి దిగి, అడుగున ఆగింది.

టక్.

చేతి లోపలి నుంచి భుజం దాకా పోయింది. లవాన్ ఆలోచించలేదు. ఒళ్ళంతా వెనక్కి విసిరి లాగాడు, కర్ర నడుం దాకా వంగింది. రీలు కీచుమంది. చేప అడుగు నుంచి పైకి దూసుకొచ్చి, నీళ్ళు చిమ్మి, మనిషి మోకాలెత్తు గాలిలోకి ఎగిరింది. నోరు తెరిచి తల ఒక్కసారి విదిలించింది. గాలం ఊడి, గార్లండ్ టోపీ పక్కనుంచి దూసుకుపోయి పడవలో పడింది. నీళ్ళ మీద వలయాలు మిగిలాయి.

"పోయింది!" గార్లండ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఐదు పౌన్లకి తగ్గదు బావా! డబ్బా చేతిదాకా వచ్చి పోయింది! దేవుడా, ఇంత చేప..."

చప్పుడు లేకపోతే తిరిగి చూశాడు. లవాన్ పడవ అడుగున కూలబడి నవ్వుతున్నాడు. కళ్ళనుంచి నీళ్ళు గడ్డం మీదకి కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"పిచ్చెక్కిందా? చేప పోతే నవ్వుతావేంది?"

"పోతే పోనీరా. వచ్చిందని తెలిసింది."

"అంటే?"

లవాన్ రెండు చేతులూ చాపి వేళ్ళు చూపించాడు. "ఇవి చచ్చి ఏడాదిన్నరైందిరా. కర్ర పట్టుకుంటే కర్రని తెలవదు. ఇన్నాళ్ళూ దారం బాలేదు, గాలం బాలేదు అంది అందుకే. ఇప్పుడు ఇక్కడ తెలిసింది" అని మోచెయ్యి చూపించాడు.

గార్లండ్ ఆ వేళ్ళు పట్టుకుని తిప్పి చూశాడు. "అక్కకి తెలుసా?"

"నాకంటే ముందే."

"ఆర్బీకి?"

"వాడికీ తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలా?" గార్లండ్ గొంతులో నొచ్చుకున్నది దాగలేదు.

"చెబితే డెల్బర్ట్‌తో పోతావని."

గార్లండ్ సరస్సు వైపు తిరిగాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి, "డెల్బర్ట్ వొట్టి వాగుడుకాయ బావా. పడవలో ఇద్దరు వాగేవాళ్ళుంటే చేపలు రావు" అన్నాడు.

కిందపడ్డ గాలం తీసి, చిరిగిన రబ్బరు పారేసి, కొత్తది గుచ్చాడు. అది ఎప్పుడూ లవాన్ చేసుకునే పని. గుచ్చిన గాలాన్ని బావ చేతికిచ్చి, "ఇసురు. ఆ గడ్డి అంచునే ఇంకోటి ఉంటది" అన్నాడు.

లవాన్ విసిరి, పిడిని చేతికి ఆనించుకున్నాడు. గార్లండ్ తన కర్ర పక్కన పెట్టి, పొద్దు గూకేదాకా ఒక్క మాట మాట్లాడకుండా బావ చేతి వైపే చూస్తూ కూర్చున్నాడు.